సాఫ్ట్‌బాల్‌లో థర్డ్ బేస్ ఫీల్డర్ బ్యాటర్‌కి అంత దగ్గరగా వచ్చి నిలబడొచ్చా?

నిలబడొచ్చండీ. బేస్‌బాల్ లాంటి ఈ ఆటలో మీ అమ్మాయి బ్యాటింగ్‌కి వెళ్తే థర్డ్ బేస్ పిల్ల సగం దూరం ముందుకొచ్చేసిందని, అంపైర్ ఏమీ అనలేదని రాశారు. అనడానికి అక్కడ తప్పేమీ లేదు. అమెరికాలో ఈ ఆటని నడిపే యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ రూల్ ప్రకారం పిచ్ వేసే (అంటే పిచర్ బంతి విసిరే) సమయానికి బ్యాటర్ వెనకుండే క్యాచర్ తన బాక్సులో, మిగతావాళ్లంతా రెండు ఫౌల్ లైన్ల లోపల ఉండాలి. ఆ లోపల ఎంత ముందుకొచ్చినా వాళ్లిష్టం. పెద్దవాళ్ల మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2023 నుంచి సెకండ్ బేస్‌కి అటూ ఇటూ ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు (బేసుల దగ్గర ఆడే ఫీల్డర్లు) ఉండాలన్న నియమం వచ్చింది. అది టీవీలో చూసి, పిల్లల ఆటలో అంపైర్ మీద అరిచే నాన్నలంటే నాకు ఒళ్లు మండుతుంది.

దగ్గరగా రావడం కాదు, అడ్డంగా నిలబడటమే తప్పు.

మా అమ్మాయి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 12యూ (12 ఏళ్ల లోపు పిల్లల విభాగం) ఆడేది. ఎడమచేతి వాటం, స్లాపర్. పరుగు మొదలుపెడుతూనే బంతిని తట్టి ఫస్ట్ బేస్‌కి దూసుకెళ్తుంది. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులే కాబట్టి, అలాంటి పిల్ల వస్తే థర్డ్ బేస్ ముందుకు రావాల్సిందే. ఒక శనివారం మ్యాచ్‌లో థర్డ్ బేస్ మీదికొచ్చినా మాది బెదరలేదు. అప్పుడు వాళ్ల షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఆడే ఫీల్డర్) సరిగ్గా పిచర్ వెనక్కి వచ్చి, పిచ్ వేసే ప్రతిసారీ గ్లవ్ ఊపుతూ అటూ ఇటూ గెంతడం మొదలుపెట్టింది. మా అమ్మాయి చూపు పిచర్ చేతి మీద నిలవడం లేదు. అంపైర్ ఆట ఆపి ఆ పిల్లని పక్కకి పంపాడు. నిజానికి బ్యాటర్ చూపుకి అలా అడ్డొస్తే బంతి చెయ్యి దాటకపోయినా అది ఇల్లీగల్ పిచ్, అంటే రూల్‌కి విరుద్ధమైన బంతి, పైగా ఆ ఫీల్డర్‌ని ఆట నుంచే పంపేయాలి. చిన్నపిల్ల అని వదిలేశాడు, మంచిదే. ఆ వయసు పిల్లకి ఆ ఆలోచన సొంతంగా రాదు, ఎవరో పెద్దవాళ్లు నేర్పి ఉంటారు. బయటికి పంపాల్సింది వాళ్లని.

అదే ఇన్నింగ్స్‌లో మా అమ్మాయి వాక్ మీద (పిచర్ నాలుగు బంతులు సరిగ్గా వేయకపోతే దక్కే ఫస్ట్ బేస్) బేస్ ఎక్కింది. తర్వాతి పిల్ల కొట్టిన దెబ్బకి హోమ్ ప్లేట్ దాకా (బ్యాటర్ నిలబడే చోటు, అక్కడికి చేరితేనే రన్) పరిగెత్తింది. క్యాచర్ చేతిలో బంతి లేదు, అయినా ప్లేట్‌కి అడ్డంగా కాళ్లు చాపి నిలబడింది. మాది గుద్దుకుని పడిపోయింది, మోకాలు గీరుకుపోయింది, ఆ తర్వాత బంతి వచ్చి, దాంతో క్యాచర్ తాకి ట్యాగ్ చేస్తే అంపైర్ అవుట్ ఇచ్చాడు! బంతి లేకుండా రన్నర్‌ని అడ్డుకుంటే అది అబ్‌స్ట్రక్షన్. అంపైర్ ఎడమ చెయ్యి చాపి ఆట సాగనిచ్చి, ఆగాక రన్నర్ ఏ బేస్‌కి చేరేదో ఆ బేస్ ఇవ్వాలి. ఆ చెయ్యి లేవలేదు. తల్లిదండ్రులు అరిచేదేదో దీని గురించి అడగండి, అదీ కోచ్ ద్వారా, మర్యాదగా.

ఇంకొకటి. మీ అమ్మాయిని థర్డ్ బేస్‌లో ఆడిస్తుంటే ఫీల్డింగ్ ఫేస్ మాస్క్ కొనండి. 12యూలో పిచర్ ఉండేదే 40 అడుగుల దూరంలో. బంట్ (బంతిని మెల్లగా తట్టి దగ్గర్లోనే పడేసే దెబ్బ) కోసం ముందుకొచ్చిన పిల్ల అంతకన్నా దగ్గరైపోతుంది. ఆ దూరంలో గట్టి దెబ్బ తగిలితే గ్లవ్ లేపే టైమ్ ఉండదు. మా లీగ్‌లో అది తప్పనిసరి కాదన్నారు. నాకైతే అస్సలు అర్థం కాలేదు. బ్యాట్ పట్టినప్పుడు మొహానికి గ్రిల్ కావాలి గానీ, బంతికి ఎదురెళ్లేటప్పుడు అక్కర్లేదా?