సూడోమోనాస్ పోసినా వేరుశనగలో కాండం కుళ్ళు ఎందుకు ఆగలేదు?

చిత్తూరు దగ్గర రెండెకరాల ఎర్ర నేలలో వర్షాధారంగా వేరుశనగ వేశామనీ, కాండం కుళ్ళు కనిపించగానే సూడోమోనాస్ పొడిని నీళ్ళలో కలిపి మొదళ్ళలో పోసినా మొక్కలు చనిపోతూనే ఉన్నాయనీ, ఇటువంటి మేలు చేసే బాక్టీరియాను అసలు నమ్మవచ్చా అనీ మీరు అడిగారు. నమ్మవచ్చు. అయితే తెగులు కంటికి కనిపించిన తరువాత పోసినందువల్ల ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. సూడోమోనాస్ తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందు కాదు, తెగులు రాకముందే వేరు దగ్గర స్థిరపడవలసిన ప్రాణి.

మాది పాకాల పక్క పల్లె. వానకు వేరుశనగ, బోరు కింద కొంత టమాట పండిస్తాం. మొదటి ఏడాది నేను కూడా మీలాగే నిరాశపడ్డాను. ఏప్రిల్‌లో కొన్న ప్యాకెట్లను రేకుల షెడ్డులో ఎరువుల బస్తాల మీద పెట్టి, జూన్ నెలాఖరులో పొడి దుక్కిలో చల్లాను. తరువాత పది రోజులు వాన పడలేదు. ఆ ఏడాది చాళ్ళకు చాళ్ళు మొక్కలు వాడిపోయి, మొదళ్ళ చుట్టూ తెల్లని బూజు, దానిలో ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు కనిపించాయి. వాడిన మొక్కను తీసుకొని తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్ళినప్పుడు, ప్యాకెట్లను ఎక్కడ దాచారన్నదే అక్కడి శాస్త్రవేత్తలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ 41 డిగ్రీల వేడిలో పెరగదు. పైగా అది వేడిని తట్టుకొనే సిద్ధబీజాలను, అంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే కణాలను, ఏర్పరచుకోలేదు. ఎండాకాలంలో మన రేకుల షెడ్డులో రెండు నెలలున్న ప్యాకెట్టులో చివరికి మిగిలేది చాలావరకు బాక్టీరియాను కలిపిన సుద్దపొడే. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో బాక్టీరియా సిద్ధబీజాలను ఏర్పరచుకుంటుంది కనుక వేడిని, ఆరుదలను బాగా తట్టుకుంటుంది. నీడన, చల్లగా దాచే వసతి లేని రైతు దానినే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఈ బాక్టీరియా ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు వేయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మొక్క వేళ్ళు చక్కెరలను, ఆమ్లాలను కొద్దికొద్దిగా మట్టిలోకి వదులుతూ ఉంటాయి. ఆ ఆహారం కోసం సూక్ష్మజీవులు గుమిగూడే పలుచని మట్టి పొరకు జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్నర్ 1904లో రైజోస్ఫియర్ అని పేరు పెట్టారు. ఆ చోటును ముందుగా ఎవరు ఆక్రమించుకుంటారన్నదే అసలు పోటీ. సూడోమోనాస్ ముందుగా చేరితే, మట్టిలోని ఇనుమును పట్టి ఉంచే పదార్థాలను విడుదల చేసి, శిలీంధ్రాలకు ఆ ఇనుము అందకుండా చేస్తుంది. వాటి ఎదుగుదలను అడ్డుకొనే యాంటీబయాటిక్‌లను తయారు చేస్తుంది. అంతేకాక మొక్క తన సొంత రక్షణ శక్తిని త్వరగా మేల్కొలుపుకొనేలా దానిని సిద్ధం చేస్తుంది. ఆక్సిన్ వంటి పెరుగుదల హార్మోన్లను కూడా ఇస్తుంది కనుక పిల్లవేళ్ళు ఎక్కువగా వస్తాయి. కానీ కాండం కుళ్ళు కలిగించే స్క్లెరోషియం శిలీంధ్రం ఒకసారి మొదలులోకి చొరబడి కణజాలాన్ని కుళ్ళబెట్టిన తరువాత వీటిలో ఏదీ ఆ మొక్కను బతికించలేదు.

రెండవ ఏడాది నుంచి నేను పద్ధతి మార్చుకున్నాను. విత్తడానికి పది రోజుల ముందు, బాగా చివికిన వంద కిలోల పశువుల ఎరువులో రెండు కిలోల సూడోమోనాస్ పొడిని, పది కిలోల వేపపిండిని కలిపి, చెట్టు నీడన కుప్ప పోసి, పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టేంత తడి ఉంచి, తడిపిన గోనె సంచులు కప్పుతాను. మూడు నాలుగు రోజులకొకసారి తిరగేస్తాను. ఈ మొత్తం ఒక ఎకరానికి సరిపోతుంది. వాన పడి నేల పదునైన రోజు సాయంత్రం చాళ్ళలో వేసి వెంటనే మట్టి కప్పిస్తాను. విత్తనానికి కిలోకు పది గ్రాముల చొప్పున పట్టించడం మరో పద్ధతి. కాకపోతే వేరుశనగ పప్పు పొర చాలా సున్నితమైనది కాబట్టి నీరు చిలకరించినంతే వాడి, పొర ఊడకుండా చేతితో మెల్లగా కలిపి, నీడన ఆరబెట్టి అదే రోజు విత్తాలి. రసాయన శిలీంధ్రనాశిని పట్టించిన విత్తనమైతే బాక్టీరియాను దాని మీద పట్టించకుండా ఎరువుతోనే నేలకు ఇవ్వడం మంచిది. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోమైసిన్, బ్లీచింగ్ పొడి వంటివి బాక్టీరియాను చంపేవి; వాటితో కలిపి వాడితే డబ్బు దండగ.

కుళ్ళు పూర్తిగా పోయిందని నేను చెప్పను. ఎడతెరిపి లేని ముసురు పట్టిన ఏడాది ఇప్పటికీ కొన్ని మొక్కలు పోతాయి. అయితే మునుపటిలా చాళ్ళకు చాళ్ళు ఖాళీ కావడం లేదు. అందులో లోతు దుక్కి, పంట మార్పిడి పాత్ర కూడా ఉంది. ఆవగింజల్లాంటి ఆ స్క్లెరోషియం గింజలు నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి కనుక ఏటా వేరుశనగ మీద వేరుశనగ వేస్తూ బాక్టీరియా మీద భారమంతా మోపడం న్యాయం కాదు. నేను మధ్యలో ఒక ఏడాది జొన్న వేస్తున్నాను.

వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బాక్టీరియా గురించి కూడా మీరు అడిగారు. తరతరాలుగా వేరుశనగ పండుతున్న మన చేలల్లో దానికి తగిన బాక్టీరియా సహజంగానే ఉంటుంది కనుక, అక్కడ ప్యాకెట్టు రైజోబియం వల్ల వచ్చే తేడా కొద్దిగానే ఉండవచ్చు. కొత్తగా సాగులోకి తెచ్చిన నేల అయితే తప్పక పట్టించండి. నెల దాటిన మొక్కను తవ్వి తీసి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని స్థిరీకరణ జరుగుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే జరగడం లేదు. యూరియా ఎక్కువైన చేలో బుడిపెలు సరిగా ఏర్పడవు.

ఒక ముఖ్యమైన మాట. తెగులు ఏదో నిర్ధారించుకోకుండా ఏ బాక్టీరియా వేసినా వృథాయే. శ్రీకాళహస్తి ప్రాంతం పేరుతోనే పిలిచే కాళహస్తి తెగులులో కాయలు నల్లబడతాయి. చూసినవారు శిలీంధ్రమనుకుంటారు కానీ దానికి కారణం నులిపురుగు (నెమటోడ్). తామర పురుగుల ద్వారా వ్యాపించే మొవ్వుకుళ్ళు వైరస్ వల్ల వస్తుంది. ఈ రెంటికీ సూడోమోనాస్ మీద ఆధారపడకండి.

ప్రస్తుత పంటలో చచ్చిన మొక్కలను బూజు పట్టిన మట్టితో సహా తీసి చేను బయట కాల్చివేయండి. రైతు సేవా కేంద్రంలో మొక్కను చూపించి తగిన శిలీంధ్రనాశినిని మొదళ్ళలో పోయండి. వచ్చే ఏడాది ప్యాకెట్టు కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ, గ్రాముకు ఎన్ని జీవకణాలు ఉన్నాయన్న అంకె చూసి, విత్తే నెలలోనే కొనండి. చేలో ఒక పక్క నాలుగు చాళ్ళను బాక్టీరియా వేయకుండా గుర్తు పెట్టి వదలండి. యాభై రోజులకు రెండు వైపులా చచ్చిన మొక్కలను లెక్కపెట్టి, ఆ లెక్కను ఇక్కడ రాస్తే నాకూ ఉపయోగపడుతుంది.