సీటు కింద స్విచ్ వైర్లు కలిపేశాను, ఫర్వాలేదా?

ప్రశ్న: డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. పెరడు అరెకరం పైనే ఉంది. కూర్చుని నడిపే లాన్ మోవర్ చలికాలమంతా గ్యారేజీలోనే ఉంది. మొన్న తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. వీడియో చూసి సీటు కింద ప్లగ్గు ఊడదీసి, రెండు పిన్నులనూ వైరు ముక్కతో కలిపాను. వెంటనే స్టార్టయింది. ఇలాగే వాడుకోవచ్చా? మా మనవడు ఒళ్లో కూర్చుని తిరుగుతానని సరదా పడుతున్నాడు.

జవాబు: ముందు ఆ వైరు ముక్క తీసేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం. ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలోని మనవాళ్ల నుంచి ఇదే ప్రశ్న వస్తుంటుంది. ఆ వీడియోల్లో రిపేరంటూ చూపించేది రిపేరు కాదు, కాపలావాణ్ణి పంపించేయడం.

సీటు కింది ఆ స్విచ్ పని ఒక్కటే, సీట్లో మనిషి ఉన్నాడో లేడో చూడటం. బ్లేడు తిరుగుతుండగా మీరు సీటు మీంచి లేచినా, వాలులో బండి ఒరిగి కింద పడినా ఇంజిన్‌ను ఆపేస్తుంది. కింద బ్లేడు కొస గంటకు 300 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో తిరుగుతుంటుంది. ఇప్పుడు మీ బండి లెక్కలో సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. గడ్డి ఇరుక్కుందని దిగి చెయ్యి పెట్టబోయినా అది ఆగదు.

మనవడి సంగతి ఇంకా భయం. స్విచ్ సవ్యంగా ఉన్నా వాడికి రక్షణ లేదు. వాడు ఒళ్లోంచి జారిపోయినా మీ బరువు సీటు మీదే ఉంటుంది కాబట్టి స్విచ్‌కు ఏమీ తెలియదు, బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. ఈ బండ్లను 16 ఏళ్లలోపు పిల్లలు నడపకూడదనీ, పిల్లల్ని ఎక్కించుకోకూడదనీ అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. గడ్డి కోసేంతసేపూ వాణ్ణి ఇంట్లోనే ఉంచండి. రివర్స్‌లో వెనక్కి తిరిగి చూసినా చిన్నపిల్లలు కనపడకపోవచ్చు.

ఇక రిపేరు. వైరు కలపగానే స్టార్టయిందంటే బ్యాటరీ, సోలెనాయిడ్ (స్టార్టర్ మోటారుకు కరెంటు పంపే స్విచ్), పెట్రోలు బాగున్నట్టే. లోపం సీటు స్విచ్‌లోనో దాని ప్లగ్గులోనో ఉంది. తాళం తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, అప్పుడు సీటు ఎత్తి చూడండి. చలికాలమంతా తేమలో ఉన్న పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. ఎలుకలు వైరు కొరికిన సందర్భాలూ ఉన్నాయి. కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు పిన్నులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి పిన్నులు శుభ్రం చేయండి. తర్వాత మల్టీమీటర్‌ను (కరెంటు కొలిచే మీటరు) బీప్ మోడ్‌లో, అంటే కరెంటు దారి కలిస్తే మోగేలా పెట్టి స్విచ్‌ను నొక్కుతూ వదులుతూ చూడండి. నొక్కినప్పుడూ వదిలినప్పుడూ తేడా తెలియాలి. తేడా లేకపోతే స్విచ్ పోయింది. సీటు కింద స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది, దాన్నిబట్టి సరిపోయే స్విచ్ కొనండి.

మీ తప్పు కంటే నాకు ఈ బండ్లు తయారుచేసేవాళ్ల మీదే కోపం ఎక్కువ. బ్రేకు తొక్కకపోయినా, బ్లేడు మీట వేసి ఉన్నా, సీటు స్విచ్ పాడైనా చాలా బండ్లు ఒకేలా మూగబోతాయి. మూడింటికీ మూడు చిన్న దీపాలు పెడితే చాలు, ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. అది తెలియకే జనం వైర్లు కలుపుతున్నారు. కొన్ని కొత్త మోడళ్లలో తెర పెట్టి ఏదో కోడ్ చూపిస్తారు, దాని అర్థం కొన్నిసార్లు డీలర్ సాఫ్ట్‌వేర్‌కే తెలుస్తుంది. ట్రాక్టర్ల వంటి వ్యవసాయ యంత్రాల విషయంలో కంపెనీల ఈ పట్టు సడలించడానికి అమెరికాలోని కొలరాడో రాష్ట్రం చట్టం చేసింది. మాన్యువళ్లు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ రైతులకు ఇవ్వాల్సిందేనన్న ఆ చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పెరటి బండి కొన్నవాడికీ ఆ హక్కు ఉండాలి.

వైరు తీశాక పిన్నులు శుభ్రం చేసినా బండి కదలకపోతే, మీటరు ఏ స్విచ్ దగ్గర తేడా చూపలేదో రాయండి. అక్కణ్ణుంచి చూద్దాం.