చౌక మౌంటెన్ బైకుకు కొత్త ఫోర్కు: డబ్బు కట్టే ముందు కొలవవలసినవి

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

అనంతగిరి కొండల ఎర్రమట్టి దారుల్లో నీ సైకిలు ముందుచక్రం ఎగిరెగిరి పడుతోందనీ, 140 మిల్లీమీటర్ల ట్రావెల్ (అణిగే దూరం) ఉన్న సస్పెన్షన్ ఫోర్కు (ముందుచక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే జంటకాళ్లు) ఒకటి తక్కువ ధరకు దొరుకుతోందనీ రాశావు. ఫోర్కు మార్చాలన్న నీ కోరిక సబబే కాని, నీవు చూసిన ఆ ఫోర్కు మాత్రం నీ సైకిలుకు తగదు. ఎందుకు తగదో వివరంగా చెబుతాను.

ముందుగా టైరులో గాలి చూసుకో. దుకాణంలో గాలి నింపేవారు చాలాసార్లు 50 పీఎస్ఐకి పైనే కొట్టేస్తారు, అంత గట్టి టైరు ప్రతి గులకరాయినీ నేరుగా నీ మణికట్టుకు చేరవేస్తుంది. రెండంగుళాలకు కాస్త పైబడిన వెడల్పు, లోపల ట్యూబు ఉన్న టైరుకు, నీ 65 కిలోల బరువుకు ముందు 28 నుంచి 30, వెనుక రెండు మూడు ఎక్కువ సరిపోతుంది. అంతకంటే బాగా తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చరవుతుంది. ఇలా చేశాక కూడా చక్రం ఎగిరితే తప్పు ఫోర్కుదే. చౌక ఫోర్కుల్లో చాలావాటికి స్ప్రింగు ఉంటుంది కాని, అది తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే నూనె యంత్రాంగం ఉండదు, అందువల్ల ఎంత జోరుగా అణిగిందో అంత జోరుగా లేచి చక్రాన్ని నేల మీద నుంచి లేపేస్తుంది. పైనున్న ప్రీలోడ్ మరను ఎంత తిప్పినా స్ప్రింగు ముందుగా కొంత నొక్కుకుంటుందే తప్ప, దాని గట్టిదనం మారదు.

ఇక అసలు సంగతి స్టీరర్ ట్యూబు, అంటే ఫ్రేము ముందుండే హెడ్‌ట్యూబు గుండా పైకి వచ్చి, హ్యాండిల్‌ను మోసే స్టెమ్‌కు బిగిసే ఫోర్కు గొట్టం. చౌక సైకిళ్లలో ఇది సాధారణంగా పై నుంచి కింది వరకు 28.6 మిల్లీమీటర్లే ఉంటుంది, కాని ఇప్పుడు వస్తున్న మంచి ఫోర్కుల్లో ఎక్కువవాటికి పైన అదే కొలత ఉన్నా కింద ఒకటిన్నర అంగుళాలకు లావెక్కుతుంది. నీ హెడ్‌ట్యూబు లోపలి వ్యాసం 34 మిల్లీమీటర్లయితే అటువంటి టేపర్డ్ స్టీరర్ అందులో పట్టదు. 44 అయితే కింద బయటికి వచ్చే కప్పు (బేరింగు గూడు) వేయించి బిగించుకోవచ్చు. దుకాణంలో ఫోర్కు దింపించి, కప్పులు తీయించి, వర్నియర్‌తో కొలిపించు, కంటి అంచనాను నమ్మవద్దు. పాత ఫోర్కు కొనేటట్లయితే స్టీరర్ పొడవు కూడా నీదానితో పోల్చుకో, ఎందుకంటే ఒకసారి కోసిన స్టీరర్‌ను పొడిగించే సురక్షితమైన మార్గం లేదు. వెల్డింగ్ చేసి ఇస్తామనే దుకాణం ఎదురైతే మారుమాట లేకుండా మెట్లు దిగి వచ్చేయి.

ట్రావెల్ విషయంలో ఆశపడకూడదు. ఫోర్కు సుమారు 20 మిల్లీమీటర్లు పొడవెక్కితే ముందుభాగం లేచి, హెడ్‌ట్యూబు కోణం ఇంచుమించు ఒక డిగ్రీ వాలుతుంది. చడావులో ముందుచక్రం తేలిపోతుంది, మలుపుల్లో హ్యాండిల్ బద్ధకిస్తుంది. అంతకు మించి, పొడవైన ఫోర్కు హెడ్‌ట్యూబు అతుకుల మీద గడ్డపారలా బలం చూపుతుంది, ఆ బలానికి నీ ఫ్రేమును తయారు చేయలేదు. ఇప్పుడు నీ ఫోర్కు 80 అయితే 100 వద్ద ఆగు, నీవు చూసిన 140 వద్దు. ఇరుసు నుంచి క్రౌన్ (ఫోర్కు కాళ్లు రెండూ కలిసే పైభాగం) వరకు కొలిచిన పొడవు పాతదానికి దగ్గరగా ఉండాలి.

ఇరుసు 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ (మీట తిప్పి వదులు చేసే) రకమైతే అదే తీసుకో, 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (హబ్బు గుండా దూర్చి బిగించే లావు ఇరుసు) రకం కొంటే మామూలుగా కొత్త హబ్బో చక్రమో కూడా కొనవలసి వస్తుంది. డిస్క్ బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) బిగించే చెవులు వేరైతే అడాప్టర్‌తో సరిపోతుంది. సన్‌టూర్ ఎక్స్‌సీఆర్, రాక్‌షాక్స్ జూడీ వంటివాటిలో పై నుంచి కింది వరకు ఒకే లావున్న స్టీరర్, క్విక్ రిలీజ్ ఉన్న రకాలు వచ్చాయి, కాని ఒకే పేరుతో టేపర్డ్ రకాలు కూడా ఉంటాయి కనుక పేరు చూసి సరిపెట్టుకోకు.

దొరికితే గాలి ఫోర్కే తీసుకో, నీ బరువుకు తగినట్లు పీడనం పెట్టుకోవచ్చు. సైకిలెక్కి నిలబడినప్పుడు 100 మిల్లీమీటర్ల ట్రావెల్‌లో 20 నుంచి 25 అణగాలి. దీనికి ప్రత్యేకమైన షాక్ పంపు కావాలి, టైరు పంపు పనికిరాదు. ఫోర్కు, పంపు, కూలి కలిపి సైకిలు ధరలో సగం దాటితే మాత్రం ఆ డబ్బు దాచి, టేపర్డ్ హెడ్‌ట్యూబు ఉన్న వేరే సైకిలుకు కలుపుకోమనే చెబుతాను.

బిగించేటప్పుడు పాత ఫోర్కు క్రౌన్ రేస్‌ను (స్టీరర్ మొదట్లో బేరింగు కూర్చునే రింగును) కొత్తదానికి మార్చాలి. స్టీరర్‌ను స్టెమ్ పైఅంచుకు సుమారు మూడు మిల్లీమీటర్లు తక్కువగా కోయాలి. ముందు టాప్ క్యాప్ (స్టీరర్ పైమూత) బోల్టుతో ఊగులాట పోయేంత వరకే బిగించి, ఆ తర్వాతే స్టెమ్ బోల్టులను దాని మీద ముద్రించిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించాలి. ముందుబ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపితే టకటకలాడకూడదు.

హెడ్‌ట్యూబు వ్యాసం, స్టీరర్ పొడవు, ఇరుసు నుంచి క్రౌన్ కొలత, హబ్బు రకం నాకు రాసి పంపు. అవి చూసి నేను సరేనన్నాకే బయానా ఇవ్వు.

ఇట్లు,
నీ మేనమామ