తడి ఆరకముందే

అబ్బాయీ,

నీ కథ మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది. ప్రతిసారీ ఆరో పేజీ దగ్గరే ఆగిపోతున్నాను. వాషింగ్టన్ నగరంలో, అమెరికా చట్టసభల భవనమైన కాపిటల్ గోపురం లోపల బొమ్మ వేస్తున్న ఇటలీ చిత్రకారుడు బ్రుమిడికి తన ఊరు రోమ్ గుర్తొచ్చి, రాత్రంతా కూర్చుని జార్జ్ వాషింగ్టన్ ముఖాన్ని మూడుసార్లు చెరిపి మూడుసార్లు గీశాడని రాశావు. చదవగానే ఒళ్ళు మండింది.

ఫ్రెస్కోలో, అంటే పచ్చి గిలాబా మీద వేసే బొమ్మలో, చెరపడమనేది ఉండదు. సున్నం, ఇసుక కలిపి, ఆ రోజు ఎంత మేర బొమ్మ వేయగలరో అంత మేరకే గిలాబా చేస్తారు. అది పచ్చిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు పూయాలి. సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. రంగు ఆ రాయిలోనే ఉండిపోతుంది. ఆరాక పైపైన చిన్న మెరుగులు దిద్దుకోవచ్చు. ముఖమే తప్పితే మాత్రం ఆ ముక్కంతా కొట్టేసి, కొత్తగా గిలాబా వేసుకోవాల్సిందే. ఆ ముక్కని ఇటలీవాళ్ళు 'జోర్నాటా' అంటారు, అంటే ఒక రోజు పని. బ్రుమిడి అమెరికా బతుకంతా అలాంటి ముక్కలే. అది తెలుసుకోకుండా అతని గుండెలోకి ఎలా వెళ్ళావు?

మనిషిని రాయాలంటే ముందు అతని పని తెలియాలి. ఈ ఒక్క మాటా నేను ఊరికే నేర్చుకోలేదు. మా నాయన హిందూపురం వైపు బేల్దారి పని చేసేవాడు. సున్నపు రాళ్ళ మీద నీళ్ళు పోస్తే గుంత కుతకుతా ఉడికేది, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సాయంత్రం ఇంటికొచ్చి, పగుళ్ళిచ్చిన వేళ్ళ సందుల్లో కొబ్బరినూనె రాసుకునేవాడు. లేపాక్షి గుడికి తీసుకుపోతే దేవుడి కంటే ముందు కప్పు మీది బొమ్మలు చూపించి, "ఆ పూత చూడు, ఎంత నున్నగా తీశారో" అనేవాడు.

నా మొదటి కథ ఆ సున్నపు గుంత గురించే. ఒక వారపత్రిక సంపాదకుడు అందులో పేజీన్నర కొట్టేసి, "ఈ సున్నం గొడవ ఎవరిక్కావాలి, కాస్త కన్నీళ్ళు పెట్టించు" అని తిప్పి పంపాడు. బస్టాండులో ఏడ్చే తల్లిని పెట్టి పంపాను, వేశారు. మా నాయన దాన్ని పక్కింటి పిల్లాడితో చదివించుకుని, "పని యాడుందిరా ఇందులో?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ తలెత్తుకోలేను. ఇప్పుడూ అదే నడుస్తోంది. వలస అనగానే ఎయిర్‌పోర్టు, ఆవకాయ, బెంగ. నీ కథలోనూ రోమ్ మీద బెంగ మూడు పేజీలుంది.

బ్రుమిడి 1852లో అమెరికా చేరాడు. అప్పటికి నలభై ఏడేళ్ళు. 1855లో కాపిటల్‌లో తొలి ఫ్రెస్కో వేశాడు. పరాయివాడికి ఆ పని ఎందుకిచ్చారని అక్కడ చాలామందికి కోపం. 1857లో పౌరసత్వం వచ్చాక అతను ఒక ఫ్రెస్కో మీద తన పేరు పక్కన 'చిత్రకారుడు, అమెరికా పౌరుడు' అని రాసుకున్నాడు. పచ్చి గోడ మీద రాసిన ఆ సంతకంలో అతని మనసు ఎంత ఉంది! నువ్వు దాన్ని అసలు ముట్టుకోలేదు. గోపురం కప్పు బొమ్మ నేలకి 180 అడుగుల ఎత్తులో ఉంది. అరవయ్యో ఏట పదకొండు నెలల్లో పూర్తిచేశాడు. కింద నించున్నవాడికి కనబడాలని కొన్ని ఆకారాలు పదిహేనడుగులు గీశాడు. పరంజా మీద ఉన్నవాడికి ముక్కు ఎదురుగా ఒక్క చెయ్యే కనబడుతుంది. ఇక రాత్రి బెంగకి తీరిక ఎక్కడిది?

అతని అరచేతుల మీద సున్నం తెల్లగా అట్ట కట్టిందని రాసిన వాక్యం బాగుంది. అది ఉంచు.

1879లో, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, అదే గోపురం కింది గుండ్రటి గోడ చుట్టూ 300 అడుగుల అమెరికా చరిత్ర బొమ్మల పట్టీ వేస్తున్నాడు. నేలకి 58 అడుగుల ఎత్తు. పెన్సిల్వేనియాని స్థాపించిన విలియం పెన్ బొమ్మ దగ్గర, పరంజా మీద అతను కూర్చున్న కుర్చీ జారింది. నిచ్చెన మెట్టు పట్టుకుని పదిహేను నిమిషాలు వేలాడాడు, తర్వాత ఎవరో వచ్చి దించారు. కొన్ని నెలలకే, 1880 ఫిబ్రవరిలో పోయాడు. ఆ పదిహేను నిమిషాలకి నువ్వు రెండు లైన్లు ఇచ్చావు.

రోమ్ పేజీలు మూడూ తీసేసి అక్కడికి వెళ్ళు. వేళ్ళు పట్టు తప్పుతుంటే నిచ్చెన కర్ర ఎలా ఉంటుందో రాయి. పొద్దున పూసిన గిలాబా అతని కళ్ళెదుటే ఉందేమో, సగం బొమ్మతో ఆరిపోతూ ఉందేమో, అది కూడా చూడు. రాసి, వచ్చే నెలలోపు పంపు.

ఆశీస్సులతో.