సిప్ లెక్కలు గ్నూక్యాష్‌లోకి ఎక్కించడం ఎలా?

ప్రశ్న: చీమకుర్తిలోని ఒక గ్రానైట్ కార్యాలయంలో లెక్కలు రాస్తుంటాను. ప్రతి నెలా 5వ తేదీన ఒక మ్యూచువల్ ఫండులో 10,000 రూపాయల సిప్ (నెలవారీ పెట్టుబడి కిస్తీ) కడుతున్నాను. ఎక్సెల్ స్టేట్‌మెంటును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా పట్టికగా) మార్చి, లెక్కలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేరు గ్నూక్యాష్‌లోకి ఎక్కిస్తే, ఏడాది కిస్తీలన్నీ దాదాపు మే నెలలోనే పడ్డాయి. యూనిట్లలో దశాంశాలు పోయాయి. కిస్తీకి అర్ధ రూపాయి తేడా కూడా కనిపిస్తోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తేదీల సంగతి తేలిక. మీ షీటులో రోజు ముందు, నెల తరువాత ఉన్నాయి. సాఫ్ట్‌వేరు వాటిని తిరగేసి చదివినందువల్ల 05-08-2023 మే 8 అయింది. దిగుమతి చేసే తెరమీదే తేదీ క్రమాన్ని రోజు-నెల-సంవత్సరంగా ఎంచుకోవచ్చు. ఈక్విటీ (షేర్లలో మదుపు చేసే) ఫండు యూనిట్లను 12 నెలలకు మించి ఉంచుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది కనుక, దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయకూడదు.

యూనిట్లను మూడు దశాంశాల వరకు ఇస్తారు. గ్నూక్యాష్‌లో ఆ ఫండును నమోదు చేసినచోట, యూనిటును ఎంత చిన్న భాగం వరకు లెక్కించాలో అడుగుతుంది. అక్కడ 1/1000 ఎంచుకోండి.

అర్ధ రూపాయిని పట్టుకున్నారంటే మీరు నిజంగానే లెక్కల మనిషి. 2020 జులై 1 నుంచి ఫండు యూనిట్ల కొనుగోలుపై 0.005 శాతం స్టాంపు సుంకం ఉంది. అందువల్ల మీ 10,000లో 50 పైసలు సుంకానికి పోయి, 9,999.50కే యూనిట్లు వస్తాయి. స్టేట్‌మెంటులో సుంకం యూనిట్లు లేని విడి వరుసగా ఉంటే, దానిని ఫండు ఖాతాలోకి పంపకుండా స్టాంపు సుంకం పేరుతో వేరే ఖాతా తెరిచి అందులో వేయండి.

అసలు చిక్కు ధర దగ్గర వస్తుంది. ఎన్‌ఏవీ, అంటే ఫండు ప్రకటించే ఒక్కో యూనిటు ధర, 45.6789 అనుకుంటే మీకు 218.909 యూనిట్లు వస్తాయి. కానీ ఈ రెండింటినీ గుణిస్తే 9,999.52 అవుతుంది, ఎందుకంటే యూనిట్లను అప్పటికే సవరించి మూడు దశాంశాలకు తెచ్చారు. ప్రతి నెలా ఇలా రెండు పైసలు అటూ ఇటూ అయితే బ్యాంకు ఖాతా ఎప్పటికీ కుదరదు. అందుకని షీటులో మరో నిలువు వరుస చేర్చి, సుంకం పోగా మిగిలిన సొమ్మును యూనిట్లతో భాగించి, వచ్చిన 45.6788నే ధరగా ఇవ్వండి. ప్రకటించిన ఎన్‌ఏవీని అలాగే దాచుకోవాలనిపిస్తే వివరణలో రాసుకోవచ్చు.

ఇప్పటికే పడ్డ తప్పు నమోదులను ఒక్కొక్కటిగా దిద్దకండి. దిగుమతికి ముందు దాచిన ఫైలును తెరిచి, మొదట ఒక్క ఫోలియోను (ఫండు సంస్థ దగ్గర మీ ఖాతాను) మాత్రమే ఎక్కించి, చివరి యూనిట్ల నిల్వ స్టేట్‌మెంటుతో మూడో దశాంశం వరకు సరిపోతే మిగిలినవాటిని ఎక్కించండి. రూపాయల విలువతో పోల్చవద్దు, అది ఏ రోజు ఎన్‌ఏవీ తీసుకుంటే ఆ రోజుకు మారుతుంది.