కిటికీలు మార్చే ముందు మీ ఇల్లు విమానాల మోత గీతకు ఎటువైపు ఉందో చూసుకోండి

ప్రశ్న: షికాగో దగ్గర డెస్ ప్లెయిన్స్‌లో 1972లో కట్టిన ఇల్లు మాది. ఒక పక్క ఓహేర్ విమానాశ్రయం విమానాలు, ఇంకో పక్క 294 టోల్‌వే (టోలు కట్టి వెళ్లే హైవే). అమ్మావాళ్లు ఇండియా నుంచి వస్తే రాత్రుళ్లు నిద్రే ఉండటం లేదు. కిటికీలన్నీ మార్చడానికి కాంట్రాక్టరు 28,000 డాలర్లు చెబుతున్నాడు. ఇంటి మీద హోమ్ ఈక్విటీ లోను తీసుకుందామా, లేక ప్రభుత్వ సాయం దొరుకుతుందా? ఇంటి టైటిల్‌లో మా అన్నయ్య పేరు కూడా ఉంది. ఆయన హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయారు.

జవాబు: కాంట్రాక్టరుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇప్పుడే ఇవ్వకండి. సాయం ఉన్న మాట నిజమే, కానీ అది విమానాల మోతకే. పైగా సొంత డబ్బుతో ముందే కిటికీలు మార్చేస్తే ఆ సాయానికి అర్హతే పోవచ్చు.

డబ్బు ఎఫ్‌ఏఏది, అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థది. కానీ అది ఇంటివాళ్లకు నేరుగా ఇవ్వదు. విమానాశ్రయానికి గ్రాంటు ఇస్తుంది, విమానాశ్రయం పని చేయిస్తుంది. ఓహేర్‌కైతే మీరు అడగాల్సింది షికాగో ఏవియేషన్ డిపార్ట్‌మెంట్‌ని. పెద్ద విమానాశ్రయాల్లో అర్హమైన ఖర్చులో 80 శాతం ఫెడరల్ వాటా, మిగతాది విమానాశ్రయం పెట్టుకుంటుంది. మీరు ప్రతి టికెట్‌తో కట్టే ప్యాసింజర్ ఫెసిలిటీ చార్జీని ఆ వాటాకు వాడుకోవచ్చు. అందుకే ఇది అడుక్కోవడం అనుకోకండి.

మొదటి పరీక్ష మ్యాపు. ఏడాది పొడుగునా పడే మోతను సగటు తీసి డీఎన్ఎల్ అనే కొలతలో గీతలు గీస్తారు. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా తిరిగే ప్రతి విమానానికీ 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు. మీ ఇల్లు 65 డెసిబెల్స్ గీత లోపల ఉండాలి. చిరునామా ఇచ్చి మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న మ్యాపులో మా ఇల్లు ఎక్కడుంది, ఈ ఇంటికి గతంలో పని జరిగిందా, మా వీధి ఏ దశలో వస్తుంది. రెండో ప్రశ్న మరిచిపోవద్దు. పాత యజమాని హయాంలో పని జరిగిపోయి ఉంటే మళ్లీ దొరకడం కష్టం. 1998 అక్టోబరు 1 తర్వాత కట్టిన ఇళ్లకు సాధారణంగా ఇవ్వరు. మీది 1972ది కాబట్టి ఆ చిక్కు లేదు.

చాలామంది తప్పేది రెండో పరీక్షలో. కిటికీలు మూసి ఉంచి కొలిస్తే గదుల సగటు మోత 45 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. బయట 67 ఉండి, మీ పాత గోడలూ కిటికీలూ 20 ఆపితే లోపల 47, అంటే పాసయ్యారు. అదే 28,000 పోసి ఇల్లు 25 ఆపేలా చేసుకుంటే లోపల 42, అంటే ఫెయిల్. పెట్టిన ఖర్చును తర్వాత తిరిగి ఇస్తారనే ఆశ పెట్టుకోవద్దు. గీత లోపల ఉండి 45 దాటకపోయినా, కిటికీలు మూస్తే గాలి ఆడని ఇల్లయితే వెంటిలేషన్ వరకు ఇచ్చే వీలుంది. అది కూడా అడగండి.

ఎంపికైతే అకూస్టిక్ కిటికీలు, తలుపులు, అవసరాన్ని బట్టి అటక ఇన్సులేషన్, వెంటిలేషన్ వస్తాయి. కనీసం 5 డెసిబెల్స్ తగ్గేలా డిజైన్ చేయాలన్నది నిబంధన. పాత వైరింగు, కారుతున్న కప్పు, బూజు లాంటివి బయటపడితే మాత్రం ఆ రిపేరు మీ జేబులోంచే. పాత ఇల్లు కనుక దానికి కొంత డబ్బు విడిగా ఉంచండి.

చాలా విమానాశ్రయాలు దీనికి బదులుగా ఏవిగేషన్ ఈజ్‌మెంట్ మీద సంతకం అడుగుతాయి. అంటే ఇంటి మీదుగా విమానాలు పోయే హక్కును, వాటి మోతను ఒప్పుకుంటున్నట్టు. అది రికార్డులోకెక్కి, రేపు కొనేవాళ్లకు కూడా వర్తిస్తుంది. సంతకానికి ముందు రియల్ ఎస్టేట్ లాయరుకు చూపించండి, ఆ ఫీజు దండగ కాదు. టైటిల్‌లో ఉన్నవాళ్లంతా సంతకం పెట్టాలి కాబట్టి మీ అన్నయ్య సంతకం తప్పదు. హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ సేవ ఉంది. అపాయింట్‌మెంట్ ముందే తీసుకోమనండి.

టోల్‌వే సంగతి వేరు. రోడ్ల మోతకు సొంత ఇంటి కిటికీలు మార్చే ఫెడరల్ సాయం లేదు. ఫెడరల్ హైవే నిబంధనల్లో ఇన్సులేషన్ ఉన్నది స్కూళ్లు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి వాటికే. ఇళ్లకు దొరికేది రోడ్డు పక్కన మోతను అడ్డుకునే గోడ, అదీ ఎక్కువగా రోడ్డు వెడల్పు చేసేటప్పుడు. మీ దగ్గర పనులు జరిగే సూచన ఉంటే పబ్లిక్ మీటింగుకి వెళ్లండి. గోడ కావాలా వద్దా అని ఇంటివాళ్ల అభిప్రాయం అడిగే కాగితం వస్తే తప్పక నింపి పంపండి.

గీత బయట ఉన్నారని తేలితే? అప్పుడు కూడా 28,000 అప్పు వద్దు. అమ్మావాళ్లు పడుకునే గదితో మొదలుపెట్టండి. ముందు సందులు మూయాలి: గోడలో ఒక శాతం ఖాళీ ఉన్నా, మిగతా గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్స్‌కి మించి ఆగదు. తర్వాత ఉన్న కిటికీకి లోపలి వైపు, నాలుగు అంగుళాల ఎడం వదిలి, లామినేటెడ్ గ్లాసుతో (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం) రెండో పలక పెట్టించండి. దగ్గర దగ్గరగా ఉండే మామూలు డబుల్ పేన్ (రెండు అద్దాల కిటికీ) చలిని ఆపినంతగా ఇంజిన్ల బొంగురు మోతను ఆపదు. కిటికీ శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే కొలతలు రెండున్నాయి. కొటేషన్‌లో ఎస్‌టీసీ ఒక్కటే రాస్తే ఓఐటీసీ సంఖ్య కూడా అడగండి, ట్రాఫిక్, విమానాల మోతకు దగ్గరగా ఉండే కొలత అదే. గోడలకు అంటించే ఫోమ్ పలకలు గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయి తప్ప బయటి శబ్దాన్ని ఆపవు.

కిటికీలకు దొరికే ఫెడరల్ ఎనర్జీ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ముగిసింది. కాంట్రాక్టరు ఇంకా దాన్ని చూపించి ధర తగ్గినట్టు చెబితే నమ్మకండి. మీ డబ్బుతో చేయించిన కిటికీల రసీదులు దాచండి. ఇల్లు అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కలో ఆ ఖర్చు కొన్న ధరకు కలుస్తుంది. విమానాశ్రయం పెట్టిన ఖర్చు కలవదు.