తిలంగాలంటే తెలుగువాళ్లేనా?

సందేహం: 1857లో ఢిల్లీలో జరిగిన సంగతుల గురించి ఉర్దూలో రాసినవి తెలుగు చేస్తున్నాను. మాటిమాటికీ ‘తిలంగే’ అని వస్తోంది. ‘తెలంగాణవాళ్లు’ అని రాసేశాను గానీ అనుమానంగా ఉంది. అప్పుడు ఢిల్లీలో అంతమంది తెలుగువాళ్లు ఉన్నారా?

సమాధానం: లేరండీ. ‘తెలంగాణవాళ్లు’ అన్నది దయచేసి తీసేయండి, లేకపోతే చదివేవాళ్లు చరిత్రనే పొరబడతారు. అక్కడ తిలంగా అంటే ఈస్టిండియా కంపెనీ పటాలంలోని దేశీ సిపాయి, అందులోనూ కాల్బలం మనిషి. గుర్రం మీద వచ్చేవాడు సవార్, తుపాకీ భుజాన వేసుకుని నడిచొచ్చేవాడు తిలంగా. ఆ ఏడు ఢిల్లీలో ఉన్న తిలంగాల్లో ఎక్కువమంది అవధ్, బీహార్ ప్రాంతాల వాళ్లు, అందుకే వాళ్లనే ‘పూర్బియాలు’, అంటే తూర్పువాళ్లు, అని కూడా అనేవారు. ఒకే మనిషికి ఒక పేరు తూర్పుది, ఇంకో పేరు దక్షిణాదిది!

ఆ దక్షిణాది పేరు ఎలా అంటుకుందంటే, కంపెనీవాళ్లు సిపాయిలకు యూరప్ పద్ధతిలో కవాతు నేర్పింది ముందు మద్రాసు వైపున. 1756 చివర్లో క్లైవ్ కలకత్తాను మళ్లీ పట్టుకోవడానికి బయల్దేరినప్పుడు ఆ సిపాయిలను వెంట తీసుకెళ్లాడు, మర్నాటి ఏడు జూన్‌లో ప్లాసీ యుద్ధం. బెంగాల్ జనానికి ఆ రకం సైనికుణ్ణి చూడటం అదే మొదలు. మద్రాసు వైపు దేశమంతా వాళ్ల లెక్కలో తెలింగ దేశమే కాబట్టి, వచ్చినవాళ్లు తెలింగాలయ్యారు, ఆ మాటే తిలంగా. అలాగని వాళ్లంతా తెలుగువాళ్లేనని నేను అనను, తమిళులూ ముస్లింలూ కూడా ఆ పటాలాల్లో ఉన్నారు. తర్వాత కంపెనీ బెంగాల్‌లోనే మనుషుల్ని చేర్చుకుని అదే కవాతు నేర్పినా జనం పేరు మార్చలేదు. మనిషి మారాడు, మాట మిగిలింది. నేపాల్‌లో కూడా సైనికుణ్ణి తిలంగా అన్నారు, హిందీ నిఘంటువుల్లో ఈ అర్థం ఇప్పటికీ ఉంది.

నాకు ఇందులో బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లతో యుద్ధం జరిగింది కదా, అందులో కంపెనీ తరఫున పోరాడిన కర్నల్ ఫోర్డ్ సిపాయిలను తెచ్చింది బెంగాల్ నుంచే. అంటే అక్కడ తెలింగాలు అనిపించుకునే రకం సైన్యం అసలు తెలుగు నేల మీదికే వచ్చిందన్నమాట.

ఊరి పేరో జాతి పేరో ఇలా సైనికుడి పేరైపోవడం ఫ్రెంచివాళ్లకూ జరిగింది. 1830లో అల్జీరియాలో జువావా తెగవాళ్లతో పెట్టిన కాల్బలాన్ని ‘జువావ్’ అన్నారు, కొన్నేళ్లకు అందులో అంతా ఫ్రెంచివాళ్లే ఉన్నా పేరు అదే.

మన మాటల సంగతి కూడా చెప్పాలి. కాలినడకన పోరాడేవాడు మనకు బంటు. చదరంగంలో ముందు వరుసలో నిలబడేవాడూ బంటే. ఆ బంటే బంట్రోతులో చేరి ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చున్నాడు. విచిత్రం ఏమిటంటే ప్యూను కథా ఇదే: పోర్చుగీసులో ఆ మాటకు అసలు అర్థం కాలినడక మనిషి, కాల్బలం సైనికుడు, వాళ్ల చదరంగంలో బంటు పేరు కూడా అదే. సిపాయి, జవాను మాత్రం పారశీకం నుంచి వచ్చినవి, జవాన్ అంటే పడుచువాడు.

ఇక మీ అనువాదం. అన్నిచోట్లా ‘సిపాయిలు’ అంటే అర్థానికి లోటు లేదు గానీ ఢిల్లీ జనం నోట్లో ఆ మాటకున్న పరాయితనం, ఎక్కడినుంచో వచ్చి మీద పడ్డారన్న ధ్వని పోతుంది. అందుకని నేనైతే ‘తిలంగాలు’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘తిలంగాలు, అంటే కంపెనీ కాల్బలం సిపాయిలు’ అని వాక్యంలోనే చెప్పేస్తాను. సవార్లను మాత్రం వీళ్లలో కలపకండి, వాళ్లను ‘రౌతులు’ అనండి, చక్కటి తెలుగు మాట ఉండనే ఉంది.